ఏడో తెప్ప కింద సూరలు

మార్చి 4, సోమవారం

ఆకాశంలో మబ్బు లేదు. గాలి దక్షిణం నుంచి, పలచగా. పొద్దున్నే కరెంటు ఇచ్చే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచాను. రెండు పలకల అంచులు తుప్పు పట్టాయి. రంగు వేయాలి. రంగు అయిపోయింది.

తుడిచి దిగేసరికి కింది కన్ను మోగుతోంది. తెప్ప అడుగున బిగించి, నీళ్ళలోకి చూసే యంత్రాన్ని కింది కన్ను అంటాం. చేపలు లెక్కపెట్టే పనికి నేనీ తెప్ప మీదకొచ్చిన మూడేళ్ళలో అది రెండుసార్లు మోగింది. ఒకసారి తాబేలుకి, ఒకసారి ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన పరుపుకి. ఈసారి తెర నిండా చుక్కలు. నాలుగు వందల పన్నెండు అని చూపించింది. నమ్మలేక ఆపి మళ్ళీ వేశాను. అదే అంకె.

అంచున బోర్లా పడుకుని చూశాను. రెక్క సూరలు, ఇంగ్లీషులో ట్యూనా అనే చేపలు. పసుపు రెక్కలు కొడవళ్ళలా వంగి ఉన్నాయి. తెప్ప కింద గుండ్రంగా, అన్నీ ఒకే వైపు తిరుగుతున్నాయి.

ఉయ్యాల దించాను. కాన్వాసు గుడ్డతో చేసిన ఉయ్యాల అది. చేపని గాయం కాకుండా అందులో ఎత్తి, పొడవు కొలిచి, వీపులో గుర్తుగా పచ్చ ప్లాస్టిక్ ముల్లు గుచ్చి వదిలేయాలి. ముల్లు మీద అంకె ఉంటుంది. ముల్లుతో దొరికితే పాత చేప, లేకపోతే కొత్తది. పాతవెన్ని, కొత్తవెన్ని అనేదాన్ని బట్టి సముద్రంలో మొత్తం ఎన్ని ఉన్నాయో ఒడ్డున మా కేంద్రంలో కడతారు. ఇవాళ ఇరవై కొలిచాను. అన్నీ కొత్తవే.

వైర్‌లెస్‌లో కేంద్రానికి చెప్పాను. విమల గారు అక్కడ లెక్క కట్టే శాస్త్రవేత్త. ఆవిడ, "మళ్ళీ చెప్పండి కొర్లయ్య గారూ, నెమ్మదిగా," అన్నారు.

అప్పకి, అంటే ఊళ్ళో ఉన్న మా అక్కకి, కూడా చెప్పాను. ఊళ్ళోవాళ్ళకి ముందుగా చెప్పకూడదని నిబంధన. చెప్పాను.

"సేపలే? నిజం సేపలే?" అంది చిన్నతల్లి అప్ప. "ఓరి నాయినో! ఆ కుండీల్లో పెంచిన మాంసం తిని తిని నోట్లో నాలిక ఉందో నేదో మర్సిపోనాం. ఉండు, మీ బావతో సెప్తాను. ఇంజనుకి దుప్పటి కప్పి రోజూ దానికి కబుర్లు సెప్తన్నాడు, ఎర్రిబాగులోడు."

ఇరవై ఎనిమిదిన ఈ ఏటి లెక్క పంపాలి. లెక్క కేంద్రం పెట్టిన గీత దాటితే, మూడేళ్ళ కిందట వేట మూసినప్పుడు పడవల ఇంజన్లకి వేసిన తాళాలు తీరం పొడుగునా వాటంతటవే తెరుచుకుంటాయి. దాటకపోతే ఇది మూడోసారి. మూడోసారి తర్వాత మా ఊరిని లారీలెక్కించి లోపలికి తీసుకెళ్తారు, ఎండపలకల పొలాల్లో పలకలు తుడిచే పనికి. అక్కడ తడి అంటే బిందెలో ఉన్నదే.

వాన నీళ్ళ పీపా మూత వేశాను.

మార్చి 5, మంగళవారం

ఎండ. గాలి లేదు. కోళ్ళ గూడు కడిగాను.

కింది కన్ను నిన్నటి అంకే చూపించింది. పదిహేను కొలిచాను. ఒక్కదానికీ ముల్లు లేదు. కొత్తవని రాశాను.

సాయంత్రం ఈశాన్యం మూల నురగలో పచ్చగా ఏదో తేలుతుంటే బొక్కెనతో తోడాను. ముళ్ళు. నిన్న నేను గుచ్చినవి, ఇరవయ్యీ. చీపురుతో ఊడ్చి ఒక మూల పోగేసినట్టు ఉన్నాయి. ముల్లు కొసన కొక్కెం ఉంటుంది, ఊడితే కండతో సహా ఊడాలి. వీటికి కండ లేదు. కడిగి ఆరబెట్టినట్టున్నాయి.

డబ్బాలో వేసి పెట్టాను. పీపా మూత వేశాను.

మార్చి 7, గురువారం

ఎండ. నీళ్ళు నూనెలా ఉన్నాయి. గాలపు తాళ్ళకి చిక్కులు తీశాను.

సూర గుంపు ఉందంటే పైన పక్షులుంటాయి. చిన్నప్పటి నుంచి పక్షిని చూసి గుంపుని పట్టినవాళ్ళం. ఇక్కడ ఒక్క పక్షి లేదు. చిన్న చేపలు కూడా లేవు. ఎర వేసి చూశాను. ఎర వాటి మధ్యనుంచి దిగిపోయింది. ఏదీ తల తిప్పలేదు.

సూరని పడవలోకి లాగితే తోకతో చెక్కని మద్దెల వాయించేస్తుంది. పక్కవాడి మాట వినపడదు. ఇవి అలా కాదు. ఉయ్యాల దించగానే ఒకటి వరసలోంచి విడిపోయి వచ్చి అందులో పడుకుంటుంది. కొలిచినంతసేపూ కదలదు. వదిలినా వెంటనే పోదు. కాసేపు నా అరచేతి కింద ఉంటుంది. దాని ఒళ్ళు నీటికన్నా వెచ్చగా ఉంటుంది, సూర ఒళ్ళు అంతే. ఆ వెచ్చదనం చేతికి చాలాసేపు ఉంటోంది. ఇవాళ అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఉంది.

మళ్ళీ మూలన ముళ్ళు. తీసి డబ్బాలో వేశాను. పీపా మూత వేశాను.

మార్చి 10, ఆదివారం

పలచటి మబ్బు. చొక్కాలు రెండు ఉతికాను.

విమల గారు పిలిచారు.

"కొర్లయ్య గారూ, మిగతా పదకొండు తెప్పల కిందా ఏమీ లేదు. మొత్తం మీ దగ్గరే ఉన్నాయి."

"మంచిదే కదండీ," అన్నాను.

"మంచిదో కాదో తెలీదు. ఊరంతా కరెంటు పోయి ఒక్క ఇంట్లో దీపం ఉందనుకోండి. జనమంతా అక్కడికే చేరతారు. ఆ ఇంటి గడప ముందు చెప్పులు లెక్కపెట్టి, ఊరంతా ఇలాగే కళకళలాడుతోందని రాస్తామా? తెప్పలతో వచ్చే చిక్కే అది. సూరలకి తేలే వస్తువు కింద చేరే గుణం ఉంది. సముద్రం ఖాళీ అయ్యేకొద్దీ మిగిలినవి తెప్ప కిందకే వస్తాయి. మనకేమో అంకె తగ్గదు."

నేను పుస్తకం తిరగేసి ఈ వారం అంకెలు చూసుకున్నాను.

"ఇంకోటి. రోజూ అదే అంకె రావడం నాకు నచ్చలేదు. బతికున్న గుంపులో కొన్ని వస్తాయి, కొన్ని పోతాయి. మీరు కొలిచినవాటిలో పిల్లలున్నాయా?"

"లేవు. అన్నీ పెద్దవే."

"ఒక్క పిల్ల కనపడినా వెంటనే చెప్పండి. పెద్ద చేప ఒకటంటే ఒకటే. పిల్ల ఒకటి కనపడిందంటే, కనపడనివి ఇంకా వేలున్నట్టు యంత్రం కడుతుంది. ఆ ఒక్కదానితో గీత దాటేయొచ్చు." ఆ తర్వాత, "ఒక చేపని కోసి చెవిరాయి తీయాలి. వయసు చూద్దాం," అన్నారు.

ఆవిడ మాట నాకు రుచించలేదు. పక్షుల సంగతీ, ముళ్ళ సంగతీ చెప్పలేదు.

పీపా మూత వేశాను.

మార్చి 12, మంగళవారం

ఎండ. కత్తి నూరాను.

ఉయ్యాలలోకి వచ్చినదాన్ని వచ్చినట్టే కోశాను. అది గింజుకోలేదు. కడుపులో ఏమీ లేదు, కడిగిన సంచిలా ఉంది. తల చీల్చి చెవిరాళ్ళు తీశాను. గోరంత కూడా ఉండవు. చెట్టు మొద్దుకి ఉన్నట్టు వాటికి వలయాలుంటాయి, ఏడాదికొకటి. భూతద్దం కింద బొమ్మ తీసి కేంద్రానికి పంపాను.

తోక మొదట్లో చుట్టూ సన్నటి గాడి ఉంది. ఇదివరకు కొలిచినవాటికి కూడా చూశాను. వల ఒరుసుకున్న మచ్చ అనుకున్నాను. కత్తి మొనతో చర్మం లేపితే లోపల గుడ్డ ఉంది. చీర అంచు పేలిక. నీలం రంగు. కడిగితే పసుపు వచ్చింది.

మా వైపు వేట మొదలయ్యే ముందు, పడవ ఉన్న ప్రతి ఇంట్లో పెద్దావిడ తను కట్టి విడిచిన చీర అంచు చింపి, పసుపు నీళ్ళలో ముంచి ఇస్తుంది. ఆ ఏడు మొదట పడిన సూర తోకకి దాన్ని కట్టి నీళ్ళలో వదిలేస్తాం. అది గంగమ్మది. అమ్మ వాటా అంటాం. వదిలాక ఎవరూ అటు చూడరు. కట్టు ఉన్న సూర మళ్ళీ ఎవరి గాలానికైనా పడిందని నేను వినలేదు. నాకు తెలిసి మా తీరంలో ఎవరూ వినలేదు.

అమ్మ వాటా కోశాను.

వండలేదు. నీళ్ళలో వేయడానికి చేయి రాలేదు. ఉప్పు పట్టించి, గోనెలో చుట్టి, పలకల కింద నీడన పెట్టాను. కోడి ఒకటి గోనె దగ్గరకి వెళ్ళి, చూసి, వచ్చేసింది.

మార్చి 13, బుధవారం

ఎండ. వంటగది బల్ల కాలు బిగించాను.

కింది కన్ను నాలుగు వందల పదకొండు అంది.

ముప్ఫై ఎత్తి చూశాను. ముప్ఫైకీ తోక దగ్గర గాడి ఉంది. కొన్నిటికి గుడ్డ పూర్తిగా లోపలికి పోయింది, వేలికి గట్టిగా తగులుతుంది. కొన్నిటికి కొస బయట వేలాడుతోంది. ఎరుపు. గంధం రంగు. చిలకపచ్చ మీద తెల్ల చుక్కలు. ఇవన్నీ ఒకప్పుడు మా రేవులో చేపల గంపలెత్తిన ఆడవాళ్ళ చీరలు. కొన్ని అంచులు ఎవరివో కూడా చెప్పగలను. రాయను.

విమల గారికి మొత్తం చెప్పాను. ముళ్ళు, పక్షులు, గుడ్డలు. ఆవిడ మధ్యలో ఆపలేదు.

"చెవిరాయి బొమ్మ చూశాను," అన్నారు చివరికి. "పదకొండు వలయాలున్నాయి. ఆ తర్వాత మూడేళ్ళుగా ఏమీ లేదు. వేట మూసిన రోజునుంచి ఆ చేప పెరగలేదు. తినలేదు. అలాంటిది బతకకూడదు."

"మరి ఎలా ఉన్నాయండీ?"

"నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పను."

ఆ మాటతో ఆవిడ మీద నాకున్న కోపం పోయింది. పీపా మూత వేశాను.

మార్చి 16, శనివారం

గాలి బొత్తిగా లేదు. మధ్యాహ్నం పొగాకు కాడ నోట్లో పెట్టుకుని అంచున కూర్చున్నాను. పొద్దుట ఏ పనీ చేయలేదు.

సూర ఆగదు. పుట్టినప్పటినుంచి ఈదుతూనే ఉండాలి. ఆగితే మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళవు, ఊపిరాడక చస్తుంది. వేటకెళ్ళిన పిల్లాడికి మొదట చెప్పే మాటల్లో అదొకటి.

ఎండ నడినెత్తిన ఉండగా అవి ఆగాయి.

నాలుగు వందల పదకొండూ ఒక్కసారే ఆగిపోయాయి. వరస చెదరలేదు. నీడలు కూడా కదల్లేదు. మొప్పలు మూసుకుని ఉన్నాయి. చచ్చిపోయాయనుకుని గెడతో ఒకదాన్ని తాకాను. కళ్ళు మాత్రం తిప్పింది, నా వైపు. తర్వాత పక్కది. తర్వాత దాని పక్కది. గాలికి వరిచేను వంగినట్టు ఆ చూపు గుంపంతా పాకింది.

నేను లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కాసేపటికి నీళ్ళ చప్పుడు మొదలైంది. చప్పుడు మొదలయ్యాక తెలిసింది, అంతవరకూ తెప్పకి అలలు కూడా తగల్లేదని.

పీపా మూత వేశాను.

మార్చి 20, బుధవారం

మబ్బు. నాలుగు చినుకులు పడ్డాయి. పీపాలోకి చెంబెడు కూడా రాలేదు.

అవి రోజూ మధ్యాహ్నం ఆగుతున్నాయి. రోజూ కొంచెం ఎక్కువసేపు.

విమల గారితో నిబంధన గురించి మాట్లాడాను. ముల్లు లేని చేప కొత్త చేపే. కాబట్టి నేను నెలంతా కొలిచినవన్నీ కొత్తవిగా పోగవుతాయి. అలా రాస్తే గీత దాటుతుంది.

"గుడ్డ గుర్తు కాదా అండీ?" అన్నాను.

"నిబంధనలో గుడ్డ లేదు. కానీ తెప్ప మీదున్న మనిషి దేన్ని గుర్తు అంటే అది గుర్తు. ఉన్నది ఉన్నట్టు రాస్తానని ప్రమాణం చేసింది మీరు, నేను కాదు. గుడ్డని గుర్తుగా రాస్తే ఇవన్నీ పాత చేపలే అవుతాయి. మొత్తం నాలుగు వందల పదకొండు. అంతకుమించి సముద్రంలో లేవని అర్థం."

"మీరైతే ఏం రాస్తారు?"

"నా ఊరు లారీ ఎక్కడం లేదు కొర్లయ్య గారూ. నేను చెప్పడం తేలిక. అందుకే చెప్పను."

ముళ్ళ డబ్బా నిండింది. ఇంకో డబ్బా పెట్టాను. పీపా మూత వేశాను.

మార్చి 23, శనివారం

తూర్పుగాలి, మంచి గాలి. తెరచాప ఒకటి కనిపించింది. దానయ్య బావ. ఇంజనుకి తాళం కాబట్టి పడవకి తెరచాప కట్టుకుని ఒక్కడే వచ్చాడు. తాడు విసిరితే కట్టాను.

"ఏట్రా బామ్మర్దీ, ఇలగైపోనావు? గెడ్డం పెంచీసి సన్నాసుల్లో కలిసిపోనావేటి?"

"గీసే కత్తి తుప్పు పట్టింది బావా."

"మూడేళ్ళ ముచ్చట ఒక్క ముక్కలో సెప్పీసినావు! మీ అప్పయితేనా, ఆ కత్తి ఏ సంతలో కొన్నదో కాణ్ణుంచి ఎత్తుకుంటాది." చింతకాయ పచ్చడి సీసా చేతిలో పెట్టాడు. "తిను. పచ్చడి పంపింది గానీ మాట మాత్రం గట్టిగా అడగమంది. ఏటి రాత్తన్నావు?"

చూడమని అంచు చూపించాను. వంగి చూశాడు.

"ఓలమ్మో, ఓలమ్మో..." చాలాసేపు అదే. లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. "ఒరే, ఈటిని సూసినాక కూడా ఇంకా ఏటి ఆలోసిత్తన్నావు? రాసీ. అబద్దం రాయమంతన్నానేటి? నీ రూలు పెకారమే గీత దాటిందంట గదా."

"దాటుతుంది."

"మరింకేటి? ఊళ్ళో ఒక్కొక్కడూ మంచం కోళ్ళు ఊడదీసి కట్టలు కడతన్నాడు. పోలమాంబ గుడి తలుపు ఎవులు మొయ్యాలో అని తగువు. లారీలో అంత సోటు లేదంట. ఆ ఎర్రమన్నులో మన పిల్లలికి ఈత ఎవుడు నేర్పుతాడ్రా? ఎందులో నేర్పుతాడు?"

"ఉయ్యాల దించు బావా," అన్నాను.

"మాట మార్చకు."

"దించు."

దించాడు. ఒకటి వచ్చి పడుకుంది. అంత నెమ్మదిగా రావడం చూసి ఆయన చేయి కొంచెం వెనక్కి పోయింది. ఎత్తాం. తోక దగ్గర గుడ్డ కొస బయటికి ఉంది. ఆకుపచ్చా ఎరుపూ గళ్ళ అంచు.

ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అది కట్టిన రోజు బావ పడవలో నేను కూడా ఉన్నాను. కట్టింది ఆయనే. నేను తెడ్డు పట్టుకున్నాను.

"మాయమ్మది," అన్నాడు బావ. "సంతకి కట్టుకెళ్ళే సీర. 'మంచి సీర సింపకే ముసల్దానా' అంటే, 'పాతది ఇత్తే అమ్మ ఊరుకుంటాదేట్రా' అని నన్ను తిట్టింది. ఆ ఏడే పోయింది."

చేపని మెల్లగా నీళ్ళలోకి జార్చాడు. అది పోలేదు. ఆయన చేతి కిందే ఉంది.

"అన్నీ ఇయ్యేనేటి?"

"నేను ఎత్తినవన్నీ."

"మరి మిగతాయి?"

"లేవు."

చెక్కల మీద కూలబడ్డాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "అంటే, వాటా తీసి పక్కనెట్టి మిగిలింది తినీసినాం. ఇప్పుడు వాటా ఒక్కటే మిగిలింది."

"పెద్ద ఓడలవాళ్ళు తిన్నంత మనం తినలేదు బావా."

"నేదు. గానీ తిన్నాం." తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. "తాళాలు తీత్తే మనకేనేటి?"

"ఓడలకి కూడా తీస్తారు. ఒకే మీట."

"ఆళ్ళకి ఈ గుడ్డ కనపడదు."

"కనపడదు."

అప్పుడే అవి ఆగాయి. బావకి చెప్పలేదు. ఆయనే చూశాడు. సూర ఆగితే ఏమవుతుందో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. నీళ్ళలోంచి చేయి తీసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, బళ్ళో పిల్లాడిలా.

అవి మళ్ళీ కదిలాక లేచాడు. "నాకేటీ సెప్పకు. నీకు తోసింది రాయి. మీ అప్పకేటి సెప్పాలో దారంతా ఆలోసించుకుంటాను." పడవలోకి దిగి, మళ్ళీ అడిగాడు, "పలకలు తుడవడం కష్టమేట్రా?"

"ఉప్పు లేకపోతే తేలికే."

నవ్వబోయాడు. నడుం దగ్గర్నుంచి చిన్న పొట్లం తీసి విసిరాడు. "మీ అప్ప ఇచ్చింది. ఈ ఏడు వేటకని. నీ మాట ఇన్న రోజే సింపీసింది, ఆత్రం మనిషి. నాకింక పనేటి? నీకాడుంచు."

పొట్లంలో చీర అంచు. వంకాయరంగు. పసుపు వాసన ఇంకా పోలేదు. గదిలో మేకుకి తగిలించాను.

తెరచాప కనపడినంతసేపు చూశాను. పీపా మూత వేశాను.

మార్చి 28, గురువారం

ఎండ. గాలి లేదు. పెన్నులో సిరా పోశాను.

పొద్దుటినుంచి అవి కదల్లేదు. ఇన్నాళ్ళూ మధ్యాహ్నం ఆగేవి. ఇవాళ తెల్లవారి చూసేసరికే ఆగి ఉన్నాయి. వలయం కూడా లేదు. అన్నీ తలలు గది వైపు పెట్టి ఉన్నాయి.

లెక్క కాగితంలో గుర్తు అన్నచోట 'చీర అంచు' అని రాశాను. మొత్తం అన్నచోట నాలుగు వందల పదకొండు. చనిపోయినవి అన్నచోట ఒకటి. ఎవరి చేత అన్నచోట నా పేరు రాశాను.

పంపాను. విమల గారు అందిందన్నారు. వైర్‌లెస్ కట్టేస్తుంటే, "మీరు తిన్నారా?" అని అడిగారు.

బయటికి వచ్చేసరికి నీళ్ళు తెల్లగా ఉడుకుతున్నాయి. సూరలు విడిపోయి నాలుగు వైపులా పరుగెడుతున్నాయి. ఒకటి గాల్లోకి ఎగిరి అడ్డంగా పడింది. వేసిన ఎర వేసినట్టే తినేశాయి. సాయంత్రానికి పక్షులు వచ్చాయి. వాటి గోల భరించలేక కోళ్ళు గూట్లోకి పోయాయి.

గోనెలో చుట్టి ఉంచినదాన్ని నీళ్ళలో వదిలాను. వెనక్కి చూడలేదు.

పీపా మూత వేశాను.

మార్చి 30, శనివారం

మబ్బు. పక్షుల రెట్ట పలకల మీంచి కడిగాను. ఉప్పు కన్నా మొండిది.

అప్ప పిలిచింది. లారీలు రెండో తారీకున వస్తాయట.

"నువ్విలగే రాత్తావని మీ బావ ముందే సెప్పినాడు," అంది. "నాను నిన్నేటీ అనను. మా అత్త సీర సూసినాడంట గదా."

"చూశాడు అప్పా."

"గుడి తలుపు మొయ్యడానికి ఒప్పీసుకున్నారు. ముక్కలు సేసి తలో ముక్కా." ముక్కు చీదింది. "కొర్లా, లారీ ఎక్కీలోగా ఏదేనా మారితే సెప్పు. ఊరికినే అంతన్నాను. మారదులే. గానీ మారితే సెప్పు."

లెక్కలో సవరణకి ఒకటో తారీకు సాయంత్రం దాకా గడువుంది. అప్పకి ఆ సంగతి తెలీదు.

పీపా మూత వేశాను.

ఏప్రిల్ 1, సోమవారం

తెల్లవారుజామున జల్లు పడింది, తర్వాత ఎండ. పీపాలోకి నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు వచ్చాయి. గుడ్డతో వడకట్టాను. కోళ్ళకి గింజలు వేశాను.

కింది కన్ను నాలుగు వందల పన్నెండు అంది.

నేను వదిలినదే మళ్ళీ లేచిందా అని మొదట వచ్చిన ఆలోచన. అంచుకి వెళ్ళి చూశాను.

అది కాదు. జానెడు కూడా లేదు. ఒళ్ళంతా తెల్ల చారలు, పిల్ల సూరకి మాత్రమే ఉండే చారలు. పెద్దవాటి మధ్య అడ్డదిడ్డంగా ఈదుతోంది, తగుల్తోంది, మళ్ళీ పోతోంది. తోక దగ్గర ఏమీ లేదు. ఏ కట్టూ లేదు. ఎవరి వాటా కాదు.

కొత్తగా కనపడిన ప్రతి చేపనీ కొలిచి రాయాలి. రాస్తే గీత దాటుతుంది. దాటితే రేపు లారీలు ఖాళీగా వెనక్కి పోతాయి. బావ ఇంజను మీద దుప్పటి తీస్తాడు. ఓడలు కూడా బయల్దేరతాయి. రాయకపోతే, మూడేళ్ళలో నేను రాయకుండా వదిలిన మొదటి చేప ఇది అవుతుంది.

విమల గారిని పిలవలేదు. అప్ప రెండుసార్లు పిలిచింది. తీయలేదు.

పక్షులు లేచిపోయాయి. ఎప్పుడు పోయాయో గమనించలేదు. నీళ్ళ చప్పుడు లేదు. పెద్దవన్నీ ఆగి, తలలు ఇటు పెట్టి ఉన్నాయి. పిల్ల ఒక్కటే తిరుగుతోంది.

కొలపలక తడిపాను. మేకు మీదున్న అప్ప చీర అంచు తీసి భుజాన వేసుకున్నాను. ఉయ్యాల దించాను. పిల్ల తనంతట తానే వచ్చి పడుకుంది. చేతిలో ఉంది. వెచ్చగా ఉంది. ఇంకో చేత్తో రాస్తున్నాను. పొడవు